న్యూరాలజీకి ఐదు దారులు: డీఎం, డీఆర్‌ఎన్‌బీ, డైరెక్ట్ సీటు, అమెరికా, బ్రిటన్‌లలో ఏది ఎవరికి?

ఎండీ తర్వాత సూపర్ స్పెషాలిటీ సీటు కోసం రాసే నీట్ ఎస్‌ఎస్ పరీక్ష ర్యాంకులు వచ్చిన వారంలో నా ఫోన్‌కి ఖాళీ ఉండదు. ఎప్పుడో నా దగ్గర పోస్టింగ్ చేసిన పిల్లలు, వాళ్ల స్నేహితులు, ఒక్కోసారి వాళ్ల నాన్నలు కూడా చేస్తారు. న్యూరాలజిస్టు కావడానికి యూనివర్సిటీ ఇచ్చే డీఎం పట్టా ఒకటి, జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే డీఆర్‌ఎన్‌బీ ఒకటి. కాబట్టి అందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న. "సర్, హైదరాబాద్‌లో డీఆర్‌ఎన్‌బీ వచ్చేలా ఉంది, బయటి రాష్ట్రంలో డీఎం వచ్చేలా ఉంది. ఏది తీసుకోమంటారు?" నేను ఎదురు అడిగేది కూడా ఒకటే: "పదేళ్ల తర్వాత ఏ ఊళ్లో కూర్చుని ఓపీ చూస్తుంటావు?" అవతల కాసేపు చప్పుడు ఉండదు. "అంత దూరం ఆలోచించలేదు సర్" అంటారు.

చిక్కంతా అక్కడే. మనవాళ్లు ఏ పరీక్ష, ఏ ర్యాంకు, ఏ కాలేజీ అని ముందు నుంచి లెక్కేసుకుంటూ వస్తారు. నేను వెనక నుంచి రమ్మంటాను. ఎక్కడ, ఎలాంటి పని చేస్తూ బతకాలనుకుంటున్నారో తేలితే, ఏ సీటు తీసుకోవాలన్న తర్జనభర్జన సగం తగ్గిపోతుంది.

నేను ఎండీ జనరల్ మెడిసిన్, ఆపైన డీఎం చేశాను. కొన్నేళ్లు హైదరాబాద్‌లో కార్పొరేట్ ఆసుపత్రిలో పనిచేసి, ఇప్పుడు కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలో సొంత క్లినిక్ నడుపుతున్నాను. అమెరికా, బ్రిటన్‌ల సంగతి బ్యాచ్‌మేట్ల ద్వారా తెలిసిందే తప్ప నేను బతికి చూసింది కాదు. కాబట్టి నా మొగ్గు ఎటుందో మీకు త్వరలోనే కనిపిస్తుంది.

## ముందు ఈ పని మీకు పడుతుందా?

తెలుగులో 'నరం' అన్న మాటతో పెద్ద తంటా. నెర్వ్‌నీ నరమే అంటాం, రక్తనాళాన్నీ నరమే అంటాం. 'నరాల డాక్టరు' అన్న బోర్డు చూసి, పిక్కల మీద ఉబ్బిన సిరలు చూపించడానికి వచ్చేవాళ్లు నా ఓపీలో వారానికి ఇద్దరైనా ఉంటారు. ఇక 'నరాల బలహీనత' అని వచ్చేవాళ్లది ఇంకో లోకం. ఒకరికి షుగర్ వల్ల అరికాళ్ల మంటలు, ఒకరికి బీ12 లోపం, ఒకరికి నిద్రపట్టని దిగులు. ఎప్పుడో ఒకరికి సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోయే మయస్థీనియా. అదే మాట చెప్పే పదిమందిలో ఆ ఒక్కరిని పట్టుకోవడమే న్యూరాలజీ.

పట్టుకునేది ఎక్కువగా చెవులతోనే. స్కానింగ్ తర్వాతి మాట. పడిపోయే ముందు ఏమనిపించింది, పక్కనున్నవాళ్లు ఏం చూశారు, ఎంతసేపటికి తెలివొచ్చింది అని ఓపిగ్గా అడిగితే ఫిట్స్ అవునో కాదో ముప్పాతిక వంతు తేలిపోతుంది. ఆ పక్కనున్నవాళ్లు మాత్రం చేతిలో తాళాలు పెట్టామని, ఉల్లిపాయ వాసన చూపించామని చెబుతారు. పక్షవాతం వచ్చిన మనిషికి పావురం రక్తం రాసి, రెండో రోజు తీసుకొస్తారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలని, రక్తనాళంలోంచి గడ్డను బయటికి లాగే పద్ధతి కూడా ఎంపిక చేసిన కొందరికే, అదీ 24 గంటల్లోపేనని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కోపం తెచ్చుకోకుండా మళ్లీ మళ్లీ చెప్పగలిగే ఓపిక ఉందా మీకు?

"మీవాళ్లు రోగం పేరు చెబుతారు, మందు మాత్రం ఉండదు" అని కార్డియాలజీ మిత్రులు ఎకసెక్కాలాడేవారు. పాతరోజుల్లో అందులో నిజం ఉండేది. పక్షవాతానికి ఆ ఇంజెక్షన్ అమెరికాలో ఆమోదం పొందిందే 1996లో. ఇప్పుడు మూర్ఛకు, మైగ్రేన్‌కు, మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు మంచి మందులున్నాయి. జన్యులోపంతో కండరాలు క్షీణించే ఎస్‌ఎంఏ జబ్బున్న పిల్లల కోసం విరాళాలు సేకరించే 16 కోట్ల ఇంజెక్షన్ సంగతి మన పేపర్లలో అందరూ చదివారు. అయినా కండరాలన్నీ క్రమంగా చచ్చుబడే ఏఎల్‌ఎస్ లాంటి జబ్బు ఉన్న మనిషికి, ఆ భార్యాబిడ్డలకు ఎదురుగా కూర్చుని నిజం చెప్పే రోజులు ఈ పనిలో తప్పవు. చేత్తో ఏదో ఒకటి బాగుచేస్తే తప్ప తృప్తి లేనివాళ్లు న్యూరోసర్జరీ వైపో, కార్డియాలజీ వైపో చూడటం మేలు. ఒక్క రోగి కథ ముప్పావుగంట విన్నాక విసుగొచ్చిందా, హుషారొచ్చిందా? మెడిసిన్ పీజీలో న్యూరో పోస్టింగ్ రెండు వారాలు చేస్తే జవాబు దొరుకుతుంది.

## వేటిని పోల్చాలి

సీటు దగ్గర కూర్చున్నప్పుడు నేను చూడమనేవి ఇవి. మొత్తం ఎన్నేళ్లు పడుతుంది. ఎన్ని పరీక్షల గుమ్మాలు దాటాలి. మధ్యలో ఆగిపోతే చేతిలో ఏ పట్టా మిగులుతుంది. ట్రైనింగ్‌లో ఎలాంటి రోగులు దొరుకుతారు, వాళ్లమీద మీ చెయ్యి ఎంతవరకు పడనిస్తారు. బాండ్, అంటే చదువయ్యాక తప్పక చేయాల్సిన సర్వీసు, ఎంత. చివరికి ఆ పట్టా మీరు స్థిరపడాలనుకున్న చోట చెల్లుతుందా. వీటిలో మూడోదాన్ని అందరూ మర్చిపోతారు. ఇంట్లో పరిస్థితి మారి చదువు ఆపాల్సి వచ్చినప్పుడు గుర్తొస్తుంది.

## మొదటి దారి: ఎండీ, ఆపైన డీఎం

ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, డీఎం మూడేళ్లు. అన్నీ మొదటిసారే పాసైతే పదకొండున్నరేళ్లు. మధ్యలో ప్రిపరేషన్ ఏళ్లు కలుపుకోండి. కలపనివాళ్లను నేను పెద్దగా చూడలేదు.

జనరల్ మెడిసిన్ ఎండీ లేదా దానికి సమానమైన డీఎన్‌బీ ఉన్నవాళ్లే కాదు, పీడియాట్రిక్స్ చేసినవాళ్లు కూడా డీఎం న్యూరాలజీకి అర్హులే. ఈ సంగతి చాలామంది పీడియాట్రిక్స్ పిల్లలకు ఆలస్యంగా తెలుస్తుంది. మెడిసిన్ వాళ్లకు నీట్ ఎస్‌ఎస్‌లో కార్డియాలజీకైనా, గ్యాస్ట్రోకైనా, న్యూరాలజీకైనా ఒకటే పేపర్. బ్రాంచి ఎంచుకునేది కౌన్సెలింగ్‌లో. అందువల్ల ఒక చెడ్డ అలవాటు పుట్టింది: గుండెకు ర్యాంకు చాలకపోతే మెదడుకు రావడం. అలా వచ్చి సంతోషంగా ఉన్నవాళ్లు లేకపోలేదు. మొదటేడు చివర రాజీనామా రాసి వెళ్లినవాళ్లను కూడా చూశాను.

మన దగ్గర హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, విశాఖలో ఆంధ్ర మెడికల్ కాలేజీ, గుంటూరు మెడికల్ కాలేజీ, తిరుపతిలో స్విమ్స్ డీఎం న్యూరాలజీ నడుపుతున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ వంటి జాతీయ సంస్థలకు ఐఎన్ఐ-ఎస్‌ఎస్ అని వేరే పరీక్ష ఉంది.

ప్రభుత్వ కాలేజీ డీఎం ఇచ్చేది కేసులు. టీబీ మెనింజైటిస్, కాన్పు తర్వాత మెదడు సిరల్లో గడ్డకట్టి ఫిట్స్‌తో వచ్చిన బాలింత, కాళ్ల నుంచి పైకి చచ్చుబడే గిలాన్ బారే, పాముకాటుతో రెప్పలు వాలిన రైతుకూలీ, పురుగుమందు తాగిన కుర్రాడు. ఇవన్నీ ఒకే రాత్రి డ్యూటీలో రావచ్చు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వెన్నెముక ఎముకలు మందమెక్కి, లోపలి వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడిన మనిషిని నేను మొదటిసారి చూసింది వార్డులోనే, పుస్తకంలో కాదు. ఆ జబ్బుకూ మన నేలకూ పాత సంబంధం ఉంది. షార్ట్ అనే వైద్యుడు 1937లో మన దేశంలో దాన్ని మొదట వర్ణించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో, అంటే ఇప్పటి ప్రకాశం వైపు. తర్వాత నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. ఇలాంటివి చేత్తో పట్టి చూసినవాళ్లకు తెలుగు జిల్లాల్లో ప్రాక్టీసు పెట్టాక తడబాటు ఉండదు.

ఇవ్వలేనిది తీరిక. మెదడు విద్యుత్ తరంగాలను గీసే ఈఈజీకి రోగుల వరుస ఉంటుంది, ఎంఆర్‌ఐ స్లాటు కోసం బతిమాలాలి, ప్రొఫెసర్ ఎంత మంచివారైనా ఓపీలో రెండొందల మంది ఉన్నరోజు పాఠం చెప్పలేరు. ఇక బాండ్. ఎన్నేళ్లు చేయాలి, చేయకపోతే ఎంత కట్టాలి అన్నది రాష్ట్రాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. సీనియర్ చెప్పిన అంకె నమ్మకండి, ఆ ఏడాది ప్రాస్పెక్టస్ చదవండి. బయటి రాష్ట్రంలో సీటు తీసుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. చదువయ్యాక ఇంకో రెండేళ్లు అక్కడే ఉండాల్సి వస్తే సొంతూరి లెక్క తప్పుతుంది.

## రెండో దారి: డీఆర్‌ఎన్‌బీ

పరీక్ష అదే, ర్యాంకు అదే, మూడేళ్లు అవే. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ కాదు, జాతీయ పరీక్షల బోర్డు. సీట్లు ఎక్కువగా ప్రైవేటు, ట్రస్టు ఆసుపత్రుల్లో ఉంటాయి. కాబట్టి తేడా అంతా ఆసుపత్రిదే.

మంచి చోట పడితే ప్రభుత్వ కాలేజీలో దొరకనివి దొరుకుతాయి: రాత్రింబవళ్లు నడిచే వీడియో ఈఈజీ, స్ట్రోక్ రోగి గుమ్మం దాటిన క్షణం నుంచి గడియారం పట్టుకుని పనిచేసే జట్టు, గడ్డను బయటికి తీసే క్యాథ్‌ల్యాబ్, పార్కిన్సన్స్‌కు మెదడులో తీగలు పెట్టే సర్జరీ. చెడ్డ చోట పడితే మూడేళ్లూ డిశ్చార్జ్ సమ్మరీలు రాసి బయటికొస్తారు. రోగి కన్సల్టెంటుది, డబ్బు కట్టినవాడు రెసిడెంటు (ట్రైనింగ్‌లో ఉన్న డాక్టరు) చెయ్యి పడనివ్వడు, నడుము నీరు తీసేది కూడా కన్సల్టెంటే.

చివరి పరీక్ష గట్టిది. థియరీ గట్టెక్కాకే ప్రాక్టికల్. మూడేళ్లు పూర్తయి కూడా పట్టా చేతికి రాక తిరిగేవాళ్లు డీఎంలో కంటే ఇక్కడే నాకు ఎక్కువ తగిలారు. ఇది నా అనుభవమే, లెక్క తీసిన మాట కాదు. 'డీఎం గొప్పదా, డీఆర్‌ఎన్‌బీ గొప్పదా' అన్న పాత వాదం రోగి దగ్గర ఎప్పుడూ లేదు, కార్పొరేట్ ఇంటర్వ్యూల్లో ఇప్పుడు దాదాపు లేదు. ప్రొఫెసర్ కావాలనుకునేవాళ్లు మాత్రం అప్పటి జాతీయ మెడికల్ కమిషన్ నిబంధన చూసుకుని చేరాలి.

సీటు తీసుకునే ముందు ఆ ఆసుపత్రి మూడో ఏడు రెసిడెంట్‌కు ఫోన్ చేయండి. విభాగాధిపతికి (హెచ్‌ఓడీ) కాదు. ఈఈజీ రిపోర్టు మొదట ఎవరు రాస్తారు? స్ట్రోక్ కాల్ వస్తే రాత్రి ముందు ఎవరు దిగుతారు? నెలకు ఎన్ని ఎల్‌పీలు (నడుము నీరు తీయడం) నీ చేత్తో చేశావు? కిందటి మూడు బ్యాచ్‌ల్లో ఎంతమంది మొదటిసారే పాసయ్యారు? నాలుగింటికీ తడుముకోకుండా జవాబొస్తే చేరండి. "పర్వాలేదు అన్నా, బానే ఉంటుంది" అని నీళ్లు నమిలితే జవాబు వచ్చేసినట్టే.

## మూడో దారి: ఎంబీబీఎస్ నుంచి నేరుగా

జాతీయ సంస్థల పీజీ ప్రవేశ పరీక్ష ఐఎన్ఐ-సెట్ రాసి, ఎండీ లేకుండానే నిమ్హాన్స్‌లో ఆరేళ్ల డీఎం న్యూరాలజీలో చేరవచ్చు. వేళ్ల మీద లెక్కపెట్టే సీట్లు, కాబట్టి ర్యాంకు బాగా పైన ఉండాలి. లెక్క వేస్తే ఏళ్లు మిగలవు, మూడూ మూడూ ఆరే. మిగిలేది రెండో పోటీ పరీక్ష, దానికి పోయే ప్రిపరేషన్ ఏళ్లు, జుట్టు ఊడే టెన్షన్.

నిమ్హాన్స్ 1974లో బెంగళూరు పాత మానసిక వైద్యశాల, అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ కలిసి ఏర్పడింది. అక్కడ సైకియాట్రీ, న్యూరోసర్జరీ, న్యూరాలజీ ఒకే ఆవరణలో పెరిగాయి. ఆ గాలే వేరు. అరుదైన జబ్బులు దేశం నలుమూలల నుంచీ అక్కడికే వస్తాయి.

లోటు ఏమిటంటే, ఇరవై మూడేళ్లకే జీవితమంతా మెదడుకు రాసిచ్చేస్తారు. నాలుగో ఏట మనసు మారితే చేతిలో ఎండీ ఉండదు, మళ్లీ ఎంబీబీఎస్సే. జనరల్ మెడిసిన్ చెయ్యి కూడా పలచన కావచ్చు. జిల్లా ఊళ్లో న్యూరాలజిస్టు దగ్గరికి షుగర్, బీపీ, కిడ్నీ అన్నీ కలిసే వస్తాయి కాబట్టి, నాలాంటి ప్రాక్టీసు పెట్టాలనుకునేవాళ్లకు ఎండీ మూడేళ్లు దండగ కాదు. పెద్ద సంస్థలో ఉండి పరిశోధన, బోధన చేస్తానని ఇప్పుడే తెలిసిన అరుదైన పిల్లలకు దీన్ని మించిన దారి లేదు.

## నాలుగో దారి: అమెరికా

అమెరికా లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈలో స్టెప్ 1కు 2022 జనవరి నుంచి మార్కులు లేవు, పాస్ లేదా ఫెయిల్. కాబట్టి బరువంతా స్టెప్ 2 సీకే మార్కుల మీద, అక్కడి ఆసుపత్రుల్లో చేసిన పోస్టింగుల మీద, సిఫార్సు లేఖల మీద పడింది. సెప్టెంబర్‌లో అప్లికేషన్, మార్చిలో మ్యాచ్, అంటే ఎవరికి ఏ ఆసుపత్రిలో సీటో తేలే రోజు. రెసిడెన్సీ నాలుగేళ్లు: మొదటేడు ఇంటర్నల్ మెడిసిన్, తర్వాత మూడేళ్లు న్యూరాలజీ. ఆపైన స్ట్రోక్‌కో, ఎపిలెప్సీకో ఏడాది ఫెలోషిప్, న్యూరో క్రిటికల్ కేర్‌కు రెండేళ్లు. డెర్మటాలజీలా తలుపులు మూసుకున్న బ్రాంచి కాదిది, విదేశీ పట్టభద్రులను బాగానే తీసుకుంటారు. అక్కడ న్యూరాలజీకీ సైకియాట్రీకీ బోర్డు ఒకటే, 1934 నుంచీ అంతే.

ఏళ్ల లెక్కలో ఇదే పొట్టి దారి. పరీక్షలకు రెండేళ్లు పోయినా, ఇక్కడ డీఎం చేతికొచ్చే సమయానికి అక్కడ కన్సల్టెంటు అయిపోతారు. పుస్తకం చదవడానికి సమయం ఇస్తారు, రెసిడెంటు వారానికి 80 గంటలు మించి పనిచేయకూడదన్న నియమం ఉంది. నా డీఎం రోజుల్లో 80 గంటలు గురువారానికే అయిపోయేవి.

అసలు ఖరీదు వీసాది. ఎక్కువమంది జే-1 అనే శిక్షణ వీసా మీద వెళ్తారు. చదువయ్యాక రెండేళ్లు ఇండియాకు తిరిగి రావాలి, లేదా డాక్టర్లు తక్కువున్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేసి మినహాయింపు తెచ్చుకోవాలి. కాన్రాడ్ పథకం కింద ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మినహాయింపులే. హెచ్-1బి మీద వెళ్దామంటే, కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుమని 2025 సెప్టెంబర్‌లో ప్రకటించాక ఆసుపత్రులు వెనకాడుతున్నాయి. గ్రీన్‌కార్డు క్యూ గురించి తెలుగు ఇళ్లల్లో వేరే చెప్పనక్కర్లేదు.

తిరిగి రావచ్చా అంటే, అమెరికా సహా అయిదు ఆంగ్ల దేశాల పీజీ పట్టాలను ఇక్కడ గుర్తించడం 2008 నుంచీ ఉంది. కాగితం సరే, మనసు సంగతి చూడండి. అక్కడ ఓపీ నిండా మల్టిపుల్ స్క్లెరోసిస్, మతిమరుపు, మైగ్రేన్. టీబీ మెనింజైటిస్ ఏళ్ల తరబడి కనిపించకపోవచ్చు. పదేళ్ల తర్వాత గుంటూరులో ఓపీ తెరిస్తే మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నట్టు ఉంటుంది. నా బ్యాచ్‌మేట్ ఒకడు వచ్చి, ఏడాదిన్నర ఉండి, రోగికి ఆరు నిమిషాలు ఇవ్వడం తన వల్ల కాదని తిరిగి వెళ్లిపోయాడు. తప్పు వాడిదీ కాదు, ఊరిదీ కాదు.

## ఐదో దారి: బ్రిటన్

ఇది పొడవాటి దారి. ప్లాబ్ (విదేశీ డాక్టర్ల అర్హత పరీక్ష) లేదా ఎంఆర్‌సీపీ (అక్కడి మెడిసిన్ పీజీ పరీక్ష)తో రిజిస్ట్రేషన్, మూడేళ్లు ఇంటర్నల్ మెడిసిన్ ట్రైనింగ్, తర్వాత స్పెషాలిటీ ట్రైనింగ్ (ఎస్‌టీ)లో ఎస్‌టీ4 నుంచి ఎస్‌టీ8 దాకా అయిదేళ్లు న్యూరాలజీ. 2022 నుంచి న్యూరాలజీతో పాటు జనరల్ మెడిసిన్, స్ట్రోక్ కూడా కలిపి చేయాలి. ఒక సుగుణం ఏమిటంటే ఎంఆర్‌సీపీ రాతపరీక్షలు ఇక్కడ ఎండీ చేస్తూనే రాసుకోవచ్చు. చాలామంది అలాగే చేస్తారు, ఎండీ చదువు కూడా గట్టిపడుతుంది.

కాకపోతే కాలం మారింది. ప్లాబ్ పాసై నెలల తరబడి ఉద్యోగం దొరక్క కూర్చున్న మన పిల్లలు ఇప్పుడు ఎక్కువయ్యారు. ట్రైనింగ్ సీట్లలో తమ దేశంలో చదివినవాళ్లకే ముందు వరస ఇస్తామని అక్కడి ప్రభుత్వం 2025లో ప్రకటించింది. మెడిసిన్‌లోనే ఇలా ఉంటే న్యూరాలజీ లాంటి పోటీ బ్రాంచిలో చోటు ఎంత కష్టమో ఊహించుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ఈ దారి చెప్పడం లేదు. భార్యో భర్తో ఇప్పటికే అక్కడ స్థిరపడి ఉంటే అది వేరే కథ.

## ఒక్క చూపులో

| దారి | ఎంబీబీఎస్ తర్వాత కనీస ఏళ్లు | దాటాల్సిన ప్రధాన పరీక్షలు | మధ్యలో ఆగితే చేతిలో ఉండేది | బలహీనత |
|---|---|---|---|---|
| ఎండీ + డీఎం | 6 | నీట్ పీజీ, నీట్ ఎస్‌ఎస్ లేదా ఐఎన్ఐ-ఎస్‌ఎస్ | ఎండీ | బాండ్, తీరిక లేని వార్డు |
| ఎండీ + డీఆర్‌ఎన్‌బీ | 6 | నీట్ పీజీ, నీట్ ఎస్‌ఎస్, గట్టి చివరి పరీక్ష | ఎండీ | ఆసుపత్రిని బట్టి మారే నాణ్యత |
| నేరుగా డీఎం | 6 | ఐఎన్ఐ-సెట్ | ఎంబీబీఎస్ మాత్రమే | అతి తక్కువ సీట్లు, వెనక్కి దారి లేదు |
| అమెరికా | 4, ప్రిపరేషన్ అదనం | స్టెప్ 1, స్టెప్ 2, మ్యాచ్, స్టెప్ 3 | ఎంబీబీఎస్, ఖర్చైన డాలర్లు | వీసా |
| బ్రిటన్ | 8, అనుభవ కాలం అదనం | ప్లాబ్ లేదా ఎంఆర్‌సీపీ, రెండుసార్లు సీటు పోటీ | ఎంఆర్‌సీపీ | సీటు దొరకడం |

## చదువయ్యాక ఎక్కడ కూర్చోవాలి

వెనక నుంచి రమ్మన్నది ఇక్కడికే.

కార్పొరేట్ ఆసుపత్రి. మొదటి ఒకటి రెండేళ్లు కచ్చితమైన జీతం, ఆ తర్వాత మీరు చూసిన రోగులను బట్టి వాటా. పరికరాలకు కొదవ లేదు, పక్కనే న్యూరోసర్జన్, న్యూరో రేడియాలజిస్ట్ ఉంటారు. స్ట్రోక్ చికిత్సలో ఏం సాధ్యమో చూడాలంటే ఇక్కడే చూడాలి. మాట పడిపోయి వచ్చిన మనిషి, గడ్డ తీసిన రెండు గంటలకు కూతుర్ని పేరు పెట్టి పిలవడం నేను చూశాను. రాత్రి రెండింటికి ఫోన్ మోగడమూ ఇక్కడి భాగమే. నేను పనిచేసిన చోట నెలాఖరున ఒక మీటింగ్ ఉండేది. ఒక్కో డాక్టరు ఎన్ని ఎంఆర్‌ఐలు రాశాడు, ఎంతమందిని అడ్మిట్ చేశాడు అన్నది తెర మీద బార్లు గీసి చూపించేవారు. నా బారు ఎప్పుడూ పొట్టిదే. మైగ్రేన్ అని కథలోనే తేలిపోయిన ప్రతి పిల్లకూ స్కాన్ ఎందుకు రాయాలని అడిగితే నవ్వేవారు. అన్ని చోట్లా ఇలా ఉండదు. చేరేముందు అక్కడ మానేసిన డాక్టరుతో ఒకసారి మాట్లాడండి.

ప్రభుత్వ బోధనాసుపత్రి. జీతం తక్కువ, రోగులు లెక్కలేనంత, విద్యార్థులు ఉంటారు. గిలాన్ బారే వచ్చిన అరవై కిలోల మనిషికి ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వాలంటే కిలోకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున అయిదు రోజులు, అంటే 120 గ్రాములు. బయట ఆ బిల్లుకు ఎకరం పొలం అమ్మిన కుటుంబాలున్నాయి. ప్రభుత్వ వార్డులో ప్లాస్మా మార్పిడితోనో, పథకం కిందనో అదే మనిషిని నడిపించి పంపవచ్చు. ఆ తృప్తికి వెల లేదనే పెద్దలు నాకు తెలుసు. సొంత ప్రాక్టీసు కూడా చేసుకోవచ్చనుకుని చేరేవాళ్లు జాగ్రత్త. తెలంగాణలో 2022 తర్వాత కొత్తగా చేరినవాళ్లకు ప్రైవేటు ప్రాక్టీసు నిషేధించారు.

జిల్లా ఊళ్లో సొంత క్లినిక్. నా మొగ్గు ఇటే, ముందే చెప్పాను. పెట్టుబడి మీరు భయపడేంత కాదు. ఒక ఈఈజీ యంత్రం, ఒక నెర్వ్ కండక్షన్ యంత్రం, పని తెలిసిన ఒక టెక్నీషియన్. ఈ మూడింటిలో దొరకడం కష్టమైంది మూడోదే. ఎంఆర్‌ఐ కేంద్రం ఊళ్లో ఎలాగూ ఉంటుంది. స్ట్రోక్ చూడాలంటే మాత్రం రాత్రంతా నడిచే సీటీ, ఐసీయూ ఉన్న నర్సింగ్ హోమ్‌తో పొత్తు తప్పదు, ఒక్కళ్లే చేయలేరు.

ఇక్కడ దొరికేది ఏళ్ల తరబడి ఉండే బంధం. పదో తరగతిలో ఫిట్స్‌తో వచ్చిన అమ్మాయి ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. మధ్యలో పెళ్లి సంబంధం దగ్గర వాళ్ల నాన్న, "చెప్పాలా, దాచాలా డాక్టరు గారూ?" అని అడిగితే గంటసేపు మాట్లాడాను. మూర్ఛను కారణంగా చూపి పెళ్లి రద్దు చేసుకునే మాటను హిందూ వివాహ చట్టంలోంచి 1999లోనే తీసేశారని చెప్పాను. చెప్పే చేశారు. గర్భం వచ్చే ముందు మందు మార్చాం. ఇలాంటి పని కార్పొరేట్ ఓపీలో నాకు దొరకలేదు.

కష్టం ఒంటరితనం. అనుమానం వస్తే పక్క గదిలో అడగడానికి ఎవరూ ఉండరు. నేను డీఎం బ్యాచ్‌మేట్ల వాట్సాప్ గ్రూపు మీద బతుకుతున్నాను. పిల్లల చదువుల కోసం ఇంట్లో వాళ్లు హైదరాబాద్ అంటారు, ఆ గొడవ ఏటా జూన్‌లో వస్తుంది.

సబ్‌స్పెషాలిటీ సంగతి రెండు ముక్కల్లో. గడ్డ తీసే ఇంటర్వెన్షన్ నేర్చుకుంటే నగరంలోనే ఉండాలి, క్యాథ్‌ల్యాబ్ లేనిదే ఆ విద్య పనికిరాదు. ఎపిలెప్సీ నేర్చుకుంటే ఏ ఊళ్లోనైనా బతుకుతారు. నిమ్హాన్స్‌లో ఎపిలెప్సీ, స్ట్రోక్, మూవ్‌మెంట్ డిజార్డర్లు వంటివాటిలో ఏడాది పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. ఎపిలెప్సీ సర్జరీ దాకా చూడాలంటే తిరువనంతపురం శ్రీచిత్ర.

## మీరు వీళ్లలో ఎవరు?

ఇంటి మీద అప్పు ఉంది, తమ్ముడు చదువుతున్నాడు అంటే ముందు ఎండీ జనరల్ మెడిసిన్ ఎక్కడొచ్చినా చేరండి. ఎండీ ఉంటే ఆ రోజు నుంచే సంపాదన ఉంటుంది, డీఎం రెండేళ్లు ఆగినా కొంప మునగదు.

సొంత జిల్లాకు తిరిగి రావాలన్నది ఖాయమైతే, హైదరాబాద్‌లో మెరిసే డీఆర్‌ఎన్‌బీ కంటే ఉస్మానియానో, గుంటూరో, కేజీహెచ్‌తో నడిచే ఆంధ్ర మెడికల్ కాలేజీయో నయం. రేపు మీ ఓపీకి వచ్చేది ఆ వార్డుల్లో చూసిన రోగులే. అదే నగరంలో స్ట్రోక్ ఇంటర్వెన్షన్ చేయాలనుకుంటే జవాబు తలకిందులవుతుంది: రోజూ క్యాథ్‌ల్యాబ్ నడిచే ఆసుపత్రి డీఆర్‌ఎన్‌బీని బయటి రాష్ట్రపు చిన్న కాలేజీ డీఎం కోసం వదులుకోకండి.

దంపతులిద్దరూ డాక్టర్లైతే ఒకరి సీటు ఒక్కటే చూసి తేల్చుకోవద్దు. ఒకరికి బెంగళూరు, ఒకరికి విశాఖ అయితే మూడేళ్లు రైలు బెర్తులోనే కాపురం. అమెరికా అయితే ఇద్దరూ కలిపి మ్యాచ్‌కు పెట్టుకునే వీలుంది, ఇక్కడి కౌన్సెలింగ్‌లో లేదు.

రెండుసార్లు రాసి న్యూరాలజీ రానివాళ్లు మూడోసారి రాయాలా అని అడుగుతారు. ర్యాంకు ప్రతిసారీ మెరుగవుతూ ఉంటే రాయండి. కదలకుండా ఉంటే, ఆ ఏడాదిని ఫిజీషియన్‌గా పనిచేస్తూ ఒక న్యూరో డిపార్ట్‌మెంట్‌లో సీనియర్ రెసిడెంట్‌గా గడిపి చూడండి. ఆ ఏడాదిలో కొందరు మరింత కసిగా రాసి సీటు కొట్టారు. ఒకమ్మాయి మాత్రం నాలుగు నెలలకే ఫోన్ చేసి, "సర్, నాకు న్యూరాలజీ ఇష్టం కాదు, న్యూరాలజీ పుస్తకాలు ఇష్టం" అని చెప్పింది. ఇప్పుడు ఎండోక్రైనాలజీలో హాయిగా ఉంది.

ఇంకా ఎండీ మొదటేడులోనే ఉన్నారా? అయితే ఈ పోలికలన్నీ పక్కన పెట్టి, మీ ఆసుపత్రి ఈఈజీ గదికి వారానికి ఒక మధ్యాహ్నం వెళ్లి టెక్నీషియన్ పక్కన కూర్చోండి. ఎలక్ట్రోడ్ పేస్టు వాసన, ఏడ్చే పిల్లాడు, తెర మీద ఆగకుండా పోయే గీతలు. మూడు నెలల తర్వాత నాకు ఫోన్ చేయండి.